మా ఊరు ఇప్పుడు ఏ జిల్లా? జిల్లాలు, డివిజన్లు, మండలాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

దరఖాస్తు ఫారంలో "జిల్లా" అన్న గడి దగ్గరకు రాగానే కలం ఆగిపోయేవారి కోసం ఈ పేజీ. తెలంగాణలో 2016 దసరా నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ నుంచి ఆ గడి చాలామందిని తికమక పెడుతోంది. అన్నీ వరుసగా చదవనక్కరలేదు. మీ సందేహం ఎక్కడుందో అక్కడికి వెళ్ళండి.

రాష్ట్రం కింద ఎన్ని అంచెలు ఉంటాయి?

జిల్లా, రెవెన్యూ డివిజన్, మండలం, రెవెన్యూ గ్రామం. జిల్లాకు కలెక్టరు, డివిజన్‌కు ఆర్డీఓ, మండలానికి తహసీల్దారు పెద్ద. సర్వీసులో కొత్తగా చేరిన ఐఏఎస్ అధికారిని డివిజన్‌కు వేస్తే సబ్ కలెక్టర్ అంటారు. పిలుపు వేరు, కుర్చీ ఒకటే.

నిత్యం మనకు పని పడేది తహసీల్దారు ఆఫీసుతో. కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, భూమి రికార్డులో సవరణ వంటివన్నీ అక్కడే మొదలవుతాయి. ఆర్డీఓ గడప తొక్కేది చాలావరకు తహసీల్దారు ఇచ్చిన ఉత్తర్వు నచ్చక అప్పీలుకు వెళ్ళినప్పుడు, లేదా ఊళ్ళో భూసేకరణ జరుగుతున్నప్పుడు. కలెక్టరు అన్న మాటకు అసలు అర్థం శిస్తు వసూలు చేసేవాడని. ఈస్టిండియా కంపెనీ పాలనలో 1772లో వారన్ హేస్టింగ్స్ పెట్టిన కొలువు అది. శిస్తు మాట మరుగున పడింది కానీ పేరు మిగిలిపోయింది. శాంతిభద్రతల విషయంలో ఆ అధికారే జిల్లా మేజిస్ట్రేట్.

తహసీల్దారు ఆఫీసు, మండల పరిషత్తు రెండూ మండలానివే కదా. ఒక చోట అడిగితే ఇంకో చోటికి పొమ్మంటారెందుకు?

ఒకే గీత లోపల రెండు ప్రభుత్వాలు నడుస్తున్నాయి గనుక. తహసీల్దారు ప్రభుత్వ రెవెన్యూ శాఖ మనిషి. మండల పరిషత్తు మనం ఓటేసి ఎన్నుకున్న ఎంపీటీసీ సభ్యుల సభ. దానికి ఎంపీడీఓ అధికారి. భూమి, ధ్రువపత్రాలు మొదటివారివి. ఉపాధి హామీ, పంచాయతీల పర్యవేక్షణ రెండోవారివి. రెండు ఆఫీసులూ ఎదురెదురుగా ఉన్న మండల కేంద్రాల్లో కూడా ఒక చోట ఇవ్వాల్సిన కాగితం ఇంకో చోట ఇచ్చి రెండు వారాలు ఎదురుచూసేవారు ఇప్పటికీ కనిపిస్తారు.

మా ఊరికి సర్పంచి ఉన్నాడు, కానీ రెవెన్యూ గ్రామం కాదంటున్నారు. ఇదేమి విడ్డూరం?

విడ్డూరం ఏమీ లేదు. రెవెన్యూ గ్రామం అంటే సర్వే చేసి, సర్వే నంబర్లు వేసి, ఎల్లలు గుర్తించిన భూమి. పంచాయతీ అంటే పాలనకోసం కట్టిన ఒక జనసమూహం. ఒక రెవెన్యూ గ్రామంలో రెండు మూడు పంచాయతీలు ఉండవచ్చు. మీ ఊరు నూరేళ్ళ కింద పెద్ద ఊరికి శివారుగా మొదలై, జనం పెరిగి పంచాయతీ అయి ఉంటుంది. పొలాలు మాత్రం ఇప్పటికీ పెద్ద ఊరి పేరు మీదే ఉంటాయి. అందుకే పాసుపుస్తకంలో ఒక ఊరి పేరు, ఇంటి పన్ను రసీదులో ఇంకో ఊరి పేరు కనిపిస్తాయి. అది తప్పు కాదు, దిద్దించనక్కరలేదు. భూమికి సంబంధించిన ఏ దరఖాస్తులోనైనా రెవెన్యూ గ్రామం పేరే రాయండి.

మండలాలు ఎప్పటి నుంచి ఉన్నాయి? అంతకుముందు ఏముండేవి?

1985లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం తెచ్చింది. అంతకుముందు తాలూకాలు, వాటి కింద ఫిర్కాలు ఉండేవి; అభివృద్ధి పనులకు పంచాయతీ సమితులు వేరుగా ఉండేవి. తాలూకా ఆఫీసుకు వెళ్ళాలంటే తెల్లవారకముందే బయలుదేరి, పని కాకపోతే ఏ సత్రంలోనో పడుకుని మర్నాడు తిరిగి రావడం మామూలు. మూడు వందల పైచిలుకు సమితులు పోయి వెయ్యికి పైగా మండలాలు వచ్చాయి. మండల కేంద్రమన్న ఒక్క కారణంతో బస్సు ఆగే కూడలి నుంచి పట్టణంగా ఎదిగిన ఊళ్ళు ఎన్నో ఉన్నాయి. ఆ రోజుల్లో తహసీల్దారును మండల రెవెన్యూ అధికారి అన్నారు. పాత పేరు తర్వాత తిరిగి వచ్చింది.

మండలాలకు ఏడాది ముందే, 1984లో, వంశపారంపర్యంగా వస్తున్న గ్రామాధికారుల వ్యవస్థ రద్దయింది. కోస్తా, సీమల్లో కరణం, మునసబు. తెలంగాణలో పట్వారీ, పటేల్. ఊరి లెక్కల కట్టలు ఎవరి అటక మీద ఉంటే వారిదే ఊరు అన్న రోజులు అలా ముగిశాయి. కొన్ని ఊళ్ళలో ఆ కట్టలు చేతికి రావడానికి అధికారులకు చాలా కాలమే పట్టింది. ఆ తర్వాత వచ్చిన గ్రామ రెవెన్యూ అధికారుల (వీఆర్వోల) వ్యవస్థను తెలంగాణ 2020లో రద్దు చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో వీఆర్వోలు 2019లో వచ్చిన గ్రామ సచివాలయాల్లో కూర్చుంటున్నారు.

ఇక నిజాం రాజ్యంలో జిల్లాల కథ వేరు. మొదటి సాలార్‌జంగ్ 1865లో చేసిన జిలాబందీతో అక్కడ జిల్లాలు ఏర్పడ్డాయి. జిల్లా పెద్దను అవ్వల్ తాలూక్‌దార్ అనేవారు. ఏ పొలం ఎవరి సాగులో ఉందో రాసే రికార్డు ఇప్పటికీ ఒక రాష్ట్రంలో పహాణీ, ఇంకో రాష్ట్రంలో అడంగల్ కావడానికి మూలం ఈ రెండు పాలనలే.

ఇల్లు కదలకుండానే జిల్లా మారిపోతుందా?

మారుతుంది, ఒక్కసారి కాదు. చీరాలలో 1960ల్లో పుట్టిన మనిషిని తీసుకోండి. పుట్టింది గుంటూరు జిల్లాలో. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చింది, 1972లో దానికి ప్రకాశం అని పేరు పెట్టారు. 2022 ఏప్రిల్‌లో చీరాల బాపట్ల జిల్లాలో చేరింది. ఆయన గుమ్మం దాటలేదు, కానీ మూడు జిల్లాలు చూశాడు.

కందుకూరుది ఇంకా తమాషా కథ. నెల్లూరు నుంచి విడదీసి 1970లో ఒంగోలులో కలిపారు. 2022లో మళ్ళీ నెల్లూరుకే పంపారు. అరవై దాటినవారు "మేం ఎప్పుడూ నెల్లూరే" అంటే పిల్లలకు అర్థం కాలేదు, పెద్దలకు మాత్రం పుట్టింటికి వెళ్ళినట్టనిపించింది.

తెలంగాణలో మునగాల ఉంది. నిజాం రాజ్యం మధ్యలో ఉంటూ మద్రాసు ప్రెసిడెన్సీ కృష్ణా జిల్లాకు చెందిన పరగణా అది. చుట్టూ ఒక ప్రభుత్వం, లోపల ఇంకొకటి. రాష్ట్రం ఏర్పడి మూడేళ్ళు గడిచాక, 1959లో నల్లగొండలో కలిసింది. 2016 నుంచి సూర్యాపేట జిల్లా.

అన్నిటికంటే చిక్కు ముడి భద్రాచలం. 1874 దాకా మధ్య పరగణాల్లో (బ్రిటిష్ కాలపు సెంట్రల్ ప్రావిన్సెస్) ఉండి, గోదావరి జిల్లాకు వచ్చింది. 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మానికి మారింది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం ముంపు కారణంగా ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాల్లో కొన్నిటిని పూర్తిగా, కొన్నిటిని పాక్షికంగా ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చారు. భద్రాచలం మండలం వెళ్ళింది, భద్రాచలం రెవెన్యూ గ్రామం మాత్రం తెలంగాణలో ఆగింది. రాముడు తెలంగాణలో, ఆయన మాన్యం ఉన్న పురుషోత్తపట్నం ఆంధ్రప్రదేశ్‌లో! ఎటపాక, గుండాల వంటి ఊళ్ళు పట్టణాన్ని ఆనుకునే ఉన్నా వేరే రాష్ట్రం. ఇలాంటి ఐదు పంచాయతీలను తెలంగాణకు తిరిగి ఇవ్వాలన్న డిమాండు అప్పటి నుంచి నడుస్తూనే ఉంది. పైన మనం అనుకున్న "రెవెన్యూ గ్రామం" అన్న చిన్న మాట ఎంత పని చేయగలదో ఇక్కడ కనిపిస్తుంది.

కొత్త జిల్లా ఏర్పాటుకు పార్లమెంటు అనుమతి కావాలా?

అక్కరలేదు. రాష్ట్రం ఎల్లలు మార్చాలంటే రాజ్యాంగంలోని 3వ అధికరణం కింద పార్లమెంటు చట్టం చేయాలి. భద్రాచలం మండలాల విషయంలో 2014లో జరిగింది అదే. రాష్ట్రం లోపలి జిల్లా, డివిజన్, మండలం ఎల్లలు రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉన్నాయి. రెండు రాష్ట్రాల్లోనూ 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టమే ఆధారం.

మొదట ప్రాథమిక నోటిఫికేషన్ ఇస్తారు. ప్రజలు అభ్యంతరాలు, సూచనలు తెలపడానికి 30 రోజులు. వాటిని చూశాక తుది నోటిఫికేషన్. మీ ఊరిని దూరపు మండలంలో కలుపుతున్నారని తెలిస్తే ఆ నెల రోజులే విలువైనవి. రాస్తారోకోల ఫొటోలు పత్రికల్లో వస్తాయి కానీ, ఫైలులో చేరేది రాతపూర్వకంగా కలెక్టరుకు ఇచ్చిన అభ్యంతరమే. దూరం, బస్సు వసతి, ఏ ఊరు ఏ సంతకు వెళుతుంది అన్న వివరాలతో రాసిన ఒక పేజీ అర్జీ పది నినాదాలకంటే ఎక్కువ పని చేస్తుందని నా నమ్మకం.

ఇంకో సంగతి. జనగణన దగ్గర పడినప్పుడు ఎల్లలను స్తంభింపజేస్తారు, లెక్కింపు ముగిసేదాకా కొత్త మండలాలు, జిల్లాలు పుట్టవు. ప్రభుత్వాలు ఆ గడువుకు ముందు హడావుడి పడటం అందుకే.

అసలు ఎన్ని జిల్లాలు?

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించినప్పుడు 20. ఒంగోలు 1970లో, రంగారెడ్డి 1978లో, విజయనగరం 1979లో వచ్చి 23 అయ్యాయి. 2014 విభజనతో తెలంగాణకు 10, ఆంధ్రప్రదేశ్‌కు 13.

తెలంగాణ 2016 అక్టోబరు 11న ఒక్కరోజే 21 కొత్త జిల్లాలను ప్రారంభించి 31 చేసింది. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్ 2022 ఏప్రిల్ 4న 13 నుంచి 26కు వెళ్ళింది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 చివర్లో మళ్ళీ మార్పులకు ప్రభుత్వం పూనుకుంది. ఈ పేజీలోని ఆంధ్రప్రదేశ్ ఎల్లలన్నీ 2022 నాటివే.

ఆంధ్రప్రదేశ్‌లో 26 అన్న సంఖ్య ఎలా వచ్చింది?

లోక్‌సభ నియోజకవర్గానికి ఒక జిల్లా అన్న సూత్రం. నియోజకవర్గాలు 25. అరకు మరీ పెద్దది, పైగా కొండప్రాంతం కావడంతో దాన్ని పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లాగా, పార్వతీపురం మన్యం జిల్లాగా రెండు చేశారు. సూత్రం చెప్పడానికి సులువుగా ఉంటుంది. కానీ లోక్‌సభ నియోజకవర్గాన్ని గీసినవారు ఓటర్ల లెక్క చూసి గీశారు, కలెక్టరేటుకు దారి చూసి కాదు. ఫలితంగా 2022లో చింతూరు వైపు గిరిజనులకు పాడేరు జిల్లా కేంద్రమైంది. ఘాట్ రోడ్డు తెలిసినవారు ఆ ప్రయాణం ఊహించుకోగలరు.

జిల్లాల పేర్లకూ ఊళ్ళకూ పొంతన ఉండదేమిటి?

పేరు గౌరవం కోసం, కేంద్రం వసతి కోసం. రెండు దారులూ అన్ని వేళలా కలవవు. ఎన్టీఆర్ పుట్టిన నిమ్మకూరు కృష్ణా జిల్లాలోనే ఉంది. ఎన్టీఆర్ జిల్లా విజయవాడ కేంద్రంగా వేరే ఉంది. అన్నమయ్య పుట్టిన తాళ్ళపాక రాజంపేట పక్కన ఉంటే, ఆయన పేరు పెట్టిన జిల్లాకు 2022లో రాయచోటి కేంద్రమైంది. రాజంపేటలో దానిపై ఆందోళనలు జరిగాయి. భద్రాద్రి కొత్తగూడెం అన్న జంట పేరులో గుడి ఒక ఊళ్ళో, కలెక్టరేటు ఇంకో ఊళ్ళో. తెలంగాణలో ఇలాంటి జంట పేర్లు చాలా ఉన్నాయి: జోగులాంబ గద్వాల, రాజన్న సిరిసిల్ల, యాదాద్రి భువనగిరి, కుమురం భీం ఆసిఫాబాద్. దేవుడికో వీరుడికో ఒక మాట, ఊరికో మాట ఇచ్చి ఇద్దరినీ ఒప్పించారు. అది మంచి పద్ధతే అనిపిస్తుంది నాకు, ఫారాల్లో గడి సరిపోకపోయినా.

పేరు చిన్న విషయమని అనుకోవద్దు. కోనసీమకు డాక్టర్ బి.ఆర్.అంబేద్కర్ పేరు చేర్చినప్పుడు 2022 మేలో అమలాపురం తగలబడింది. మంత్రి ఇంటికి, ఎమ్మెల్యే ఇంటికి నిప్పు పెట్టారు. తిరుపతి విషయంలో బాలాజీ అన్న పేరు వినిపించి, చివరికి తిరుపతిగానే ఉండిపోయింది. వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ అన్న పొడి పేర్లను 2021లో హనుమకొండ, వరంగల్‌గా మార్చారు. ఆ మార్పు రావడానికి ఐదేళ్ళు ఎందుకు పట్టిందో!

పాత పేర్లు కొత్త చోట్లకు జరగడం ఇంకో తికమక. తూర్పు గోదావరికి తరాల తరబడి కాకినాడ కేంద్రం. ఇప్పుడు కాకినాడ సొంత జిల్లా అయింది, తూర్పు గోదావరి అంటే రాజమహేంద్రవరం. పశ్చిమ గోదావరి ఏలూరు నుంచి భీమవరానికి వెళ్ళింది. పాత పత్రాల్లో "తూర్పు గోదావరి జిల్లా" అని చూసి రాజమహేంద్రవరం వెళ్ళేముందు తేదీ ఒకసారి చూసుకోండి.

జిల్లా కేంద్రం ఆ జిల్లాలోనే ఉండాలన్న నియమం ఉందా?

ఉండాలనే ఎవరైనా అనుకుంటారు. కానీ రంగారెడ్డి జిల్లా కలెక్టరేటు దశాబ్దాల పాటు హైదరాబాద్ నడిబొడ్డున లక్డీకాపూల్‌లో నడిచింది. 2022లో కొంగరకలాన్‌కు మారింది.

జిల్లా మారింది. ఆధారు, భూమి పత్రాలు, పాత ధ్రువపత్రాలు మార్పించుకోవాలా?

కంగారు పడకండి. భూమి మీద మీ హక్కు జిల్లా పేరుతో ముడిపడి లేదు. సర్వే నంబరు, రెవెన్యూ గ్రామం మారలేదు గనుక పాత దస్తావేజు దస్తావేజే. దాన్ని తిరిగి రిజిస్టరు చేయించాలని ఎవరైనా అంటే, మీ దగ్గర డబ్బు లాగడానికేనని అనుమానించండి. పదో తరగతి మెమోలో ఉన్న పాత జిల్లా పేరును దిద్దించే పని అసలు పెట్టుకోకండి. ఆధారులో చిరునామా మార్చుకోవడం మీ వీలును బట్టి.

అసలు జాగ్రత్త ఇంకో చోట కావాలి. పాత లావాదేవీల ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రం) తీయించేటప్పుడు, ఆ కాలంలో మీ ఊరు ఏ సబ్ రిజిస్ట్రారు పరిధిలో ఉండేదో చెప్పాలి. ఆ పరిధులు మండలాల గీతలను అనుసరించవు.

కోర్టు, పోలీసు, జిల్లా పరిషత్తు కూడా కొత్త జిల్లాల ప్రకారమే ఉంటాయా?

ఈ పేజీలో ఒక్క జవాబే గుర్తుంచుకోవాలంటే ఇది గుర్తుంచుకోండి: ఒక్కో శాఖది ఒక్కో గీత. 2016లో జిల్లాలు వచ్చినా తెలంగాణలో కొత్త జిల్లా కోర్టులు 2022 జూన్ 2న గానీ మొదలవలేదు. ఆరేళ్ళ పాటు ఒక జిల్లాలో కలెక్టరు, ఇంకో జిల్లాలో జడ్జి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 తర్వాత కూడా జిల్లా పరిషత్తులు పాత 13 జిల్లాలవే కొనసాగాయి. అందుకే పత్రికల్లో "ఉమ్మడి జిల్లా" అన్న మాట స్థిరపడిపోయింది. తెలంగాణలో 2019లో జిల్లాలు 33 అయితే జిల్లా పరిషత్తులు 32 ఏర్పడ్డాయి, హైదరాబాద్‌లో గ్రామాలే లేవు గనుక.

పోలీసులు చాలా చోట్ల జిల్లా గీతను పాటిస్తారు గానీ, హైదరాబాద్ చుట్టుపక్కల కమిషనరేట్లది వేరే పటం. పిన్‌కోడు తపాలా శాఖ సొంత లెక్క, జిల్లా మారినా అది మారదు. అసెంబ్లీ నియోజకవర్గాలు డీలిమిటేషన్‌తో (నియోజకవర్గాల పునర్విభజనతో) మాత్రమే మారతాయి. యానాం వారికి ఈ గొడవలేవీ లేవు. గోదావరి ఒడ్డున, చుట్టూ ఆంధ్రప్రదేశ్ ఉన్నా వారి ప్రభుత్వం పుదుచ్చేరిలో ఉంది.

బండి నంబరు?

ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి కొత్త బండ్లకు జిల్లాతో సంబంధం లేకుండా ఏపీ 39 వరుస వచ్చింది. తెలంగాణలో జిల్లాల వారీ అంకెలు ఉన్నాయి. 2024 మార్చి నుంచి టీఎస్ బదులు టీజీ. పాత పలకలు పాతవాటిలాగే చెల్లుతాయి.

కొత్త జిల్లాతో ఉద్యోగాలకు ఏమైనా తేడా వస్తుందా?

చాలా తేడా వస్తుంది, ఎక్కువమంది పట్టించుకోనిది ఇదే. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1975లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుతో జిల్లా స్థాయి పోస్టుల్లో స్థానికులకు 80 శాతం కేటాయింపు ఏర్పడింది. తెలంగాణకు 2018లో వచ్చిన కొత్త ఉత్తర్వులో అది 95 శాతం. అంటే జిల్లా ఎంత చిన్నదైతే, మీరు పోటీ పడే బరి అంత చిన్నది. పక్క జిల్లాలో ఎక్కువ ఖాళీలు ఉన్నా మీకు దక్కేవి తక్కువ.

తెలంగాణలో ఒకటి నుంచి ఏడో తరగతి వరకు కనీసం నాలుగేళ్ళు ఎక్కడ చదివారో అదే మీ స్థానిక జిల్లా. పిల్లల్ని హైదరాబాద్ హాస్టల్లో చేర్చే తల్లిదండ్రులకు ఈ సంగతి పదిహేనేళ్ళ తర్వాత గుర్తొస్తుంది. బోనఫైడ్ పత్రాలు బడి ఉండగానే తీసి దాచుకోండి. కొన్ని ప్రైవేటు బడులు మూతపడ్డాక వాటి కోసం తిరగడం నరకం.

2021 డిసెంబరులో వచ్చిన జీవో 317 ఉద్యోగులకు ఇదే పాఠం నేర్పింది. ఉన్న ఉద్యోగులను కొత్త జిల్లాలకు సీనియారిటీ ప్రకారం పంచినప్పుడు భార్య ఒక జిల్లాకు, భర్త ఇంకో జిల్లాకు పడ్డారు. ఉపాధ్యాయులు రోడ్డెక్కారు.

విదేశాల్లో ఉన్నాం. ఫారంలో పుట్టిన జిల్లా ఏది రాయాలి?

మీ పాస్‌పోర్టులో, జనన ధ్రువపత్రంలో ఉన్నదే. ఈరోజు ఆ ఊరు ఏ జిల్లా అన్నది వారికి అనవసరం. రెండు కాగితాల్లో రెండు పేర్లు కనిపిస్తేనే ఇబ్బంది. రాష్ట్రం పేరు దగ్గర కూడా ఇదే పద్ధతి. 2014కు ముందు వరంగల్‌లో పుట్టినవారి పాత పాస్‌పోర్టులో ఆంధ్రప్రదేశ్ అని ఉంటే దానితోనే పోల్చి నింపండి. పాస్‌పోర్టు రెన్యువల్ సమయంలో మార్చుకుంటే, ఆ తర్వాత అన్నిచోట్లా కొత్తదే రాయండి.

చిన్న జిల్లాలు మంచివేనా?

కలెక్టరేటు దగ్గరవడం మంచిదే. మార్కాపురం వారు వందేసి కిలోమీటర్లు ఒంగోలు వెళ్ళి రావడం ఎవరికీ ఇష్టం ఉండేది కాదు. ప్రతి సోమవారం కలెక్టరేటులో జరిగే అర్జీల స్వీకరణకు ముసలివారు సగం రోజులో వెళ్ళి రాగలగడం తక్కువ మేలేమీ కాదు. కానీ చాలా కొత్త జిల్లాల్లో బోర్డు ముందు వచ్చింది, సిబ్బంది తర్వాత వచ్చారు. ఒకే అధికారి రెండు శాఖలకు ఇన్‌ఛార్జి, అద్దె భవనంలో ఆఫీసు, ఫైళ్ళు ఇంకా పాత జిల్లా కేంద్రంలోనే. రికార్డు గది జిల్లాతో పాటు విడిపోదు మరి. నన్ను అడిగితే జిల్లాను చీల్చడం కంటే మండల ఆఫీసులో మరో ఇద్దరు సర్వేయర్లను వేయడం రైతుకు ఎక్కువ ఉపయోగం. ఈ మాట చెబితే జిల్లా సాధన సమితుల మిత్రులకు నచ్చదు.

మా ఊరు ఇప్పుడు ఏ మండలం, ఏ జిల్లాలో ఉందో ఖాయంగా ఎలా తెలుస్తుంది?

రాష్ట్ర గెజిట్‌లోని తుది నోటిఫికేషన్ చూడండి. అందులో గ్రామాల పేర్లు వరుసగా ఇస్తారు. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే స్థానిక ప్రభుత్వాల డైరెక్టరీ వెబ్‌సైటులో ఊరి పేరు కొట్టినా మండలం, జిల్లా కనిపిస్తాయి. అదే పేరుతో ఊళ్ళు చాలా ఉంటాయి గనుక పక్క ఊరి పేరు కూడా సరిచూసుకోండి. ఫోనులోని పటాలు పాత జిల్లాను ఏళ్ళ తరబడి చూపిస్తుంటాయి, వాటిని నమ్మి ఫారం నింపకండి. ఏదీ కుదరకపోతే మీ ఊరి పంచాయతీ కార్యదర్శిని గానీ, ఆంధ్రప్రదేశ్‌లో అయితే వీఆర్వోను గానీ అడగండి. వారికీ సందేహం వస్తే, ఈమధ్య వచ్చిన ఏదైనా ప్రభుత్వ నోటీసు కింద తహసీల్దారు ముద్రను చదవండి. మండలం, జిల్లా రెండూ దానిమీదే ఉంటాయి.